ఆరోగ్యం చేతిలో ఉడుత పరుగు

ఖానాపురం హవేలి ఊళ్లో స్టీల్ గిటారు వినిపించిందంటే ఎవరో పోయారని అర్థం. ఆ గిటారు ఆరోగ్యానిది. కరెంటు ఆఫీసులో ముప్పై రెండేళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. గిటారును ఒళ్లో పడుకోబెట్టి ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ కుడిచేత్తో మీటుతాడు. కడ్డీ జరిగేకొద్దీ స్వరం సాగుతుంది. స్వరం సాగేకొద్దీ రాయిలాంటి మనిషికైనా ఏడుపొస్తుంది. అందుకే చర్చివాళ్లు ఆయన్ను భూస్థాపనలకు తప్ప దేనికీ పిలవరు. పక్కింటి పుల్లమ్మ తన శవపెట్టె వెనక ఏ పాట వాయించాలో ఇప్పుడే చెప్పిపెట్టుకుంది.

ఆరోగ్యం మేనకోడలు తబితాకు పెళ్లి కుదిరింది. పెళ్లయ్యాక చర్చిలోంచి బయటికి నడిచేటప్పుడు ‘ఉడుత పరుగు’ అనే పియానో ముక్క మోగాలని ఆ పిల్ల కోరిక. రెండు నిమిషాల్లో ఎక్కి, దిగి, జారి, మళ్లీ ఎక్కే తమాషా ముక్క. చర్చిలో కీబోర్డు వాయించే బెంజమిన్ అప్పటికే నేర్చుకున్నాడు. దాన్ని స్టీల్ గిటారు మీద తాను వాయిస్తానన్నాడు ఆరోగ్యం.

“నువ్వు వాయిస్తే జనం పెండ్లికొడుకు ముక్కు కాడ వేలు పెట్టి చూస్తరు మామా,” అంది తబితా.

“ఇరవై ఏండ్ల సంది పెట్టెల వెనకనే నడుస్తున్న బిడ్డా. ఒక్కసారన్న బతికున్నోళ్ల వెనక నడవనియ్యి.”

తబితా ఒక షరతు పెట్టింది. “ఆదివారం వచ్చి వింట. విన్నోళ్లల్ల ఒక్కరు ఏడ్చినా బెంజమినే వాయిస్తడు.”

బెంజమిన్ చేత ఒక్కో చేతి వాయింపునూ విడివిడిగా, నిదానంగా ఫోన్‌లో రికార్డు చేయించుకున్నాడు ఆరోగ్యం. పియానోకు పది వేళ్లు. ఎడమచెయ్యి కింద ఒకటి కొట్టి పైకి దూకుతుంది, కుడిచెయ్యి మెట్ల మీద గోళీలు దొర్లినట్టు దొర్లుతుంది. తనకున్నవి ఆరు తీగలు, ఒక్క తిన్నని కడ్డీ. పైకి దూకే గుంపు స్వరాలన్నీ తీసేశాడు. కింది స్వరాన్ని బొటనవేలికి అప్పజెప్పాడు. రెండు తీగల శ్రుతి మార్చి, పరుగంతా పై మూడు తీగల్లోకి తెచ్చాడు. పాత ఆఫీసు డైరీలో తీగలు, అడ్డంగా స్తంభాలు గీసి, ఎక్కడ ముట్టుకోవాలో చుక్కలు పెట్టాడు. శుక్రవారానికి ఒక్క స్వరం తప్పలేదు. వేగమూ వచ్చింది. అయినా ఆ ఉడుత కాలు విరిగి ఈడ్చుకుంటూ పోతున్నట్టే ఉంది.

ఆదివారం పొద్దున, తబితా వచ్చేలోపు గట్టిగా ఒకసారి చూద్దామని యాంప్లిఫయర్ పెట్టి వాయించాడు. మూడోసారికి గేటు చప్పుడైంది. టెంట్‌హౌస్ తుల్సీరాం ట్రాలీలోంచి కుర్చీలు, ఫ్యాను దింపుతున్నాడు.

“ఎవరు చెప్పిన్రు నీకు?” అంది ఆరోగ్యం భార్య లిదియా.

“చెప్పేదేముందమ్మా. గిటారు ఇనబడ్డది.”

చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు కనుక పుల్లమ్మ ఫ్లాస్కునిండా చాయ్ పట్టుకొచ్చింది. కొంగు అప్పటికే తడిసి ఉంది.

“ఎవ్వరు పోలే పుల్లమ్మక్కా. అది ఉడుత,” అంది లిదియా.

“అయ్యో, ఉడుతను పెంచిన్రా?” అని పుల్లమ్మ ఇంకొంచెం ఏడ్చింది.

అరగంటలో కళ్లు తుడుచుకుంటూ ఇరవై మంది చేరారు. ఎవరూ పోలేదని తెలిసినా లేవలేదు. వచ్చినవాళ్లు చాయ్ తాగకుండా ఎలా పోతారు? అంతలో తిరుమలాయపాలెం నుంచి తబితా ఆటో దిగింది. కళ్లు వాచి ఉన్నాయి.

“పుల్లమ్మ ఫోన్ చేసింది, మీ మామ ఇంట్ల గిటారు మోగుతున్నదని. నువ్వే పోయినవనుకున్న మామా.”

“నేను పోతే వాయించేదెవరే?”

“గంత దూరం ఆలోచించలే.” ముక్కు తుడుచుకుని వాకిలంతా చూసింది. “ఒక్కరు గాదు, ఇరవై మంది ఏడ్చిన్రు. బెంజమిన్‌కు చెప్త మామా. ఏమనుకోకు.”

ఆరోగ్యం కడ్డీని గుడ్డలో చుట్టసాగాడు.

“సారూ, ఈ ఫ్యాన్ షాక్ కొడుతున్నట్టుంది, జర చూడున్రి,” అని తుల్సీరాం పిలిచాడు. ఆరోగ్యం వెళ్లి, పాత లైన్‌మన్లు చేసినట్టే, ఫ్యాను కాడను వేళ్ల వెనకవైపుతో ఇలా ముట్టి అలా లాక్కున్నాడు. కరెంటుంది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ప్లగ్గు పీకి, గబగబా వచ్చి కూర్చుని కడ్డీ అందుకున్నాడు. ఈసారి జరపలేదు. ప్రతి తీగలోనూ కరెంటు ఉన్నట్టు ముట్టాడు, వదిలాడు. ముట్టాడు, వదిలాడు. ఉడుతకు నాలుగు కాళ్లూ వచ్చాయి. గోడెక్కింది, జారింది, మళ్లీ ఎక్కింది. పుల్లమ్మ అలవాటుగా కొంగు కళ్ల దాకా తెచ్చింది గానీ ఏడుపు దానితో సమానంగా పరిగెత్తలేక వెనకబడిపోయింది. తుల్సీరాం తెలియకుండానే కుర్చీలు ఆ జోరుకే పేర్చేస్తుంటే, కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేవాల్సి వచ్చింది.

ముక్క అయిపోయింది. తబితా ఒక్కో ముఖం చూసుకుంటూ వచ్చి లిదియా దగ్గర ఆగింది.

“అత్తా, నువ్వేడుస్తున్నవ్.”

“నన్ను వదిలెయ్యే. నేను గీ ఉడుతతోని వారం సంది ఒక్క ఇంట్ల ఉన్న.”

తబితా నవ్వాపుకుంది. “బెంజమిన్‌కు నేను చెప్పుకుంట,” అంది. “మళ్ల వాయించు మామా.”

ఆయన కడ్డీ ఎత్తేలోపు పుల్లమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“ఆరోగ్యం, నా పాట మార్చు. నాక్కూడ గిదే పెట్టు.”

“పెట్టె మోసేటోళ్లు ఉరకాల్సొస్తది పుల్లమ్మక్కా.”

“ఉరకనియ్యి,” అంది పుల్లమ్మ, ఫ్లాస్కు మూత తీస్తూ.