మాట ఆగిన గడప

మా చిన్నప్పుడు కార్పొరేషన్ వారి కబురు తమటె మీద, అదే తప్పెట మీద, వచ్చేది... చిక్కపేట వెనక మా సందు మొదట్లో ఒకాయన నిలబడి తమటె వాయించి, రేపు నీళ్లు రావనో, ఎల్లుండి కాలవల పూడిక ఎత్తుతారనో కన్నడంలో చాటేవాడు. సందులోకి మాత్రం అడుగు పెట్టేవాడు కాదు. ఆయన జీతం సందు మొదటి దాకానే.

తోపుడుబండ్ల గోలలో, హమాలీల కేకల్లో తమటె చప్పుడు అన్ని ఇళ్లకూ వినబడేది గానీ, మాట మొదటి ఇంటికే అందేది. ఆ ఇల్లు శేషమ్మది. ఆమె విని పక్కింటి గోడ మీదుగా చెప్పాలి... వాళ్లు ఆ పక్కింటికి... అలా చివరి గడప దాకా. అది మా సందు కట్టుబాటు. పెళ్లిపిలుపు అయినా ఆగొచ్చు గానీ కార్పొరేషన్ కబురు ఆగకూడదు.

కాకపోతే గోడ దాటినప్పుడల్లా మాట కొంచెం ఒళ్లు చేసేది. ఒక పూట నీళ్లు రావని శేషమ్మ దగ్గర బయల్దేరింది, మా ఇంటికి వచ్చేసరికి పండగ దాకా రావని అయ్యేది. ఒకసారి మా నాన్న గడ్డం గీసుకోవడానికి గోళీసోడాలు కొనుక్కొచ్చాడు... ఆ చెంపలు రెండు రోజులు చీమలకు విందు. సరే, కథకొస్తాను.

మాది చివరి నుంచి రెండో ఇల్లు. చివరిది రత్నమ్మది. బట్టల కొట్ల చీరలకు గంజి పెట్టి, సందు చివర గుంజల మధ్య సాగదీసి ఆరేసి ఇచ్చేది. మొగుడు పోయాడు. ఆ పనే ఆమెకు అన్నం.

ఒకనాడు కార్పొరేషన్ ఇంజనీరు వచ్చి కాలవ మీదికి కట్టిన ఈ మెట్టు ఎవరిదని అడిగాడు. అందరూ ఆకాశం చూశారు. రత్నమ్మ శేషమ్మ వైపు చూసింది. చూసింది, అంతే... నోరు కూడా తెరవలేదు. శేషమ్మ మెట్టు పగిలింది.

కొన్నాళ్లకు మళ్లీ తమటె మోగింది. రేపు దోమల మందు కొడతారు, బట్టలూ గిన్నెలూ లోపల పెట్టుకోండి అని. శేషమ్మ ఆ మాటతోపాటు ఇంకో మాట కూడా దాటించింది... చివరి ఇంటికి చెప్పొద్దని. విచిత్రం చూడండి, ఆ రెండో మాట ఎక్కడా ఒళ్లు చేయలేదు. బయల్దేరినంతే మా అమ్మ దాకా వచ్చి, అక్కడ కూర్చుంది.

మర్నాడు పంపులు వీపున కట్టుకుని మనుషులు సందులోకి వచ్చేసరికి రత్నమ్మ చీరలు పచ్చి గంజితో గుంజలకు ఉన్నాయి. పెళ్లిళ్ల సరుకు. పచ్చి గంజి చీర ఒక్కరు తీస్తే అతుక్కుని పాడైపోతుంది. చెరో కొసా పట్టి తీయాలి. ఆమె ఒక కొస పట్టుకుని, "ఎవురన్నా ఆ కొస పట్టుకోండమ్మా" అని కిటికీ కిటికీనీ అడిగింది. కిటికీలన్నీ నిండుగానే ఉన్నాయి. మా అక్క లేవబోతే అమ్మ జడ పట్టుకుని కూర్చోబెట్టింది.

మందు తెల్లగా పడింది... ఎర్ర చీరల మీద మరీ తెల్లగా. కొట్టువాళ్లు ఆమెకు మళ్లీ చీర ఇవ్వలేదు.

ఆ సాయంత్రం రత్నమ్మ వచ్చి అమ్మను అడిగింది, నువ్వయినా చెప్పలేదేమని. అమ్మ బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే అంది.

"మాట ఈడికే నిల్చిపాయె రత్నక్కా. దాని కాళ్లు అంతే ఉండాయి."

గోడల అవతల నుంచి నవ్వులు... రత్నమ్మ ఆ నవ్వులు ఏ ఇంటివో ఒక్కొక్కటే విని వెళ్లిపోయింది. ఆ తర్వాత నాలుగిళ్లల్లో అంట్లు తోముకుని బతికింది.

ఏడాది తిరక్కుండా కార్పొరేషన్ వాళ్లు సందు చివరి గోడ కొట్టేసి ఆ వైపు రోడ్డు వేశారు. తమటె ఆయనకు అటు దగ్గర. ఇక మొదటి ఇల్లు రత్నమ్మదే అయింది!

మొదటిసారి అటు మోగిన రోజున అమ్మే సిగ్గు విడిచి గోడ దగ్గరికి వెళ్లి అడిగింది. రత్నమ్మ చెయ్యి తుడుచుకుని నింపాదిగా చెప్పింది. రేపు వీధికుక్కల్ని పట్టేదానికి వస్తారంట, వాటికి అన్నం పెట్టేవాళ్ల పేర్లు రాసుకుంటారంట, జాగ్రత్తమ్మా అని. మా సందులో కుక్కలకు ముద్ద పెట్టని ఇల్లు లేదు. మాట గోడలు దాటుతూ బాగా బలిసింది. శేషమ్మ ఇంటికి చేరేసరికి ఇంటికొకరిని స్టేషన్‌కు తీసుకుపోతారని అయింది.

మర్నాడు కార్పొరేషన్ వాళ్లు వచ్చి తలుపు తలుపూ తట్టారు. లోపల మేము దగ్గు కూడా మింగేశాం. పేర్లు రాసుకోవడానికి వచ్చిన మాట నిజమే... ఇంటింటికీ కొళాయి వేయడానికి. తెరిచిన తలుపు ఒకటే. కొళాయీ ఒకటే. వీధి కొళాయి ఆ వారమే పీకేశారు.

సంగతి తెలిసి అమ్మ ఏడుపు గొంతుతో వెళ్లింది, అంతమంది గొంతు ఎండబెట్టేదానికి మనసెట్లా వచ్చిందని. రత్నమ్మ కొత్త కొళాయి కింద బిందె పెట్టి అంది.

"పేర్లు రాసుకుంటారని చెప్పినా గదమ్మా. మిగతా మాట ఈడికే నిల్చిపాయె. దాని కాళ్లు అంతే ఉండాయి."

నీళ్లు లేవనలేదు ఆమె. ఏళ్ల తరబడి అందరికీ ఇచ్చింది, తన గడప నుంచి వరసగా. శేషమ్మ బిందె వంతు వచ్చేసరికి నీళ్లు నిలిచిపోయే వేళయ్యేది. మీ వంతు రానీ శేషమ్మా అని మర్యాదగానే అనేది.

ఇప్పుడు మహదేవపురలో ఉంటున్నాను. తమటె లేదు, వార్డు కబుర్లన్నీ ఫోన్ గ్రూపులోనే. మూడో క్రాస్ మేరీ టీచరమ్మ, అడ్మిన్ గారి కారు ర్యాంపు కాలవ మీద ఉందని ఫోటో పెట్టింది. ఆమెను గ్రూపులోంచి తీసేశారు. మొన్న పైపు మరమ్మతు, నీళ్లు పట్టి పెట్టుకోండని మెసేజ్ వచ్చింది. అందరం బొటనవేలి బొమ్మ పెట్టాం. ఈ ఉదయం ఆమె తన గేటు దగ్గర ఖాళీ బకెట్‌తో నిలబడి ఉంది...

రెండు బకెట్ల నీళ్లు పంపాను. కబురు ఎందుకు అందలేదో మాత్రం చెప్పలేదు. అడ్మిన్ గారిది మా పై ఇల్లే.

రత్నమ్మకు కనీసం ఏ కిటికీలో ఎవరున్నారో కనబడింది...

మీ వీధిలో మాట ఏ గడప దగ్గర ఆగేది? గుర్తుంటే రాయండి.