జ్వరమొచ్చిన పిల్ల తలకింద బైబిలు

నిన్న పక్కింట్లో, జ్వరంతో కాలిపోతున్న పిల్ల తలగడ కింద బైబిలు చూసి నా ఒళ్లు మండింది. మందు మింగితే దేవుణ్ణి అనుమానించినట్టేనని కొత్త పాస్టరుగారు బోధించారట. పిల్ల తల్లి సునీత, డిగ్రీ చదివిన మనిషి, తలూపింది.

డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన నా ఈడు వాళ్లారా, మన ఇళ్లలో బైబిలు గుర్తుందా? ఎర్ర గుడ్డ చుట్టి, కలరా ఉండల వాసనతో, పేజీల అంచులకు అమ్మ వేళ్ల పసుపుతో ఉండేది. నాకు జ్వరమొస్తే మా అమ్మా దాన్ని తలకిందే పెట్టింది. బాపు లాగేశాడు.

"గిది సదువనీకి ఇచ్చిండు దేవుడు, తలకింద వెట్టనీకి కాదు. దెబ్బలు తాకినోన్ని జూసి గీ బైబిల్ల సమరయుడు ప్రార్థన జేసి పోయిండా? కట్టు గట్టి, గాడిదెక్కించి తీస్కపోయిండు. నడువుండ్రి దవాఖానకు!"

నిన్న సునీతకు నేనూ అదే చెప్పాను. అక్కడే కూర్చున్న పాస్టరుగారు నవ్వారు. "అవ్వా, నీకు విశ్వాసం తక్కువైంది."

"అయ్యగారూ, మొన్న పన్ను సలిపితే మీరు వరంగల్ దాక పోయిన్రు గదా. విశ్వాసం ఇంట్లనే మర్శిపోయిన్రా?"

ఆయన ఫోను చూసుకోవడం మొదలుపెట్టారు. సునీత కాసేపు ఆయన ముఖమే చూసింది. తర్వాత లేచి, పిల్లను భుజాన వేసుకుంది.

"అవ్వా, జర ఆటోను పిలువవా?"