ఇంటికి పోదాం అన్నాను

చనిపోయినవాళ్లు తిరిగి వస్తారని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకూడదని నేర్చుకుని పెరిగాను. దేవరుప్పుల దగ్గరి మా పల్లెలో మా బాపు సంఘ పెద్ద. మనిషి కన్ను మూస్తే పునరుత్థాన దినం వరకు ప్రభువులో నిద్రపోతాడనీ, దయ్యమై తిరుగుతున్నాడని ఎవరైనా అంటే అది అపవాది సాతాను మోసమనీ వాక్యం తీసి చూపించేవాడు. పెళ్లయి భూపాలపల్లి వచ్చాక నేనూ స్త్రీల కూడికలో ఇరవై ఏళ్లుగా అదే చెబుతున్నాను.

ఎవరినీ నమ్మించడానికి ఇది రాయడం లేదు. చూసింది చూసినట్టు, అన్నది అన్నట్టు ఒకచోట పెడుతున్నాను.

మా అక్క పేరు సువార్త. నాకంటే ఆరేళ్లు పెద్దది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ మడమ నేలకు ఆనేది కాదు. ఆ కాలితో మునివేళ్ల మీదే నడిచేది. పెళ్లయిన రెండేళ్లకు భర్త వదిలేశాడు. ఆ తర్వాత ఊళ్లో ఏ పెళ్లికి పోయినా, బోరింగు దగ్గర బిందె పెట్టినా, "మీ ఆయన రాలేదా?" అని అడిగేవాళ్లు. తెలియక కాదు, తెలిసే. ఒకరోజు బట్టలు సంచిలో సర్దుకుని జనగామలో రైలెక్కింది. ఉప్పల్ అవతల ఒక ప్రైవేటు బడిలో ఆయాగా చేరి పద్నాలుగేళ్లు హైదరాబాదులోనే ఉంది.

పట్నం ఆమెకు చేసిన మేలును నేను కాదనను. కాలు అలా ఎందుకుందని, మొగుడేడని, మీది ఏ వాడ అని అక్కడ ఎవరూ అడగలేదు. సెలవు రోజు మెట్రో ఎక్కి చివరి స్టేషన్ దాకా పోయి, ఏ పనీ లేకుండానే మళ్లీ తిరిగి వచ్చేది. తలలో పూలు పెట్టుకునేది. ఊళ్లో ఉన్నప్పుడు పెట్టుకోగా నేను చూడలేదు.

"ఈడ నేను పొద్దుగాల ఏం కూరొండిన్నో పక్కింటోళ్లకు గూడ తెల్వదే. ఊళ్లె అయితే నేను తుమ్మితె దేవరుప్పుల దాక ఇనవడతది" అని ఫోన్లో నవ్వేది.

"జరమొస్తె నీళ్లిచ్చెటోళ్లు లేరు గదనే" అంటే, "ఊళ్లె ఉన్నప్పుడు ఎవలిచ్చిన్రు నీళ్లు? మాటలిచ్చిన్రు" అనేది.

ఆమె ఉన్న ఇంటి యజమాని సోమయ్యది కేసముద్రం. అక్కడి మార్కెట్లో రైతుల పంటను కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణాన్ని తమ్ముడికి అప్పగించి, పట్నంలో మూడంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. మన దిక్కువాడని అక్క ధైర్యంగా చేరింది. పైఅంతస్తులో ఒక గది, చిన్న వంటిల్లు. తొమ్మిదేళ్లు ఉంది. సోమయ్య భార్య భారతమ్మకు మోకాళ్లు నొప్పెడితే వరండాలో కూర్చోబెట్టి అక్కే నూనె రాసేది. ఆ తొమ్మిదేళ్లలో వాళ్ల హాలు గడప దాటి లోపలికి రమ్మని ఆమెను ఎవరూ అనలేదు. ఆ సంగతి కూడా ఆమె నవ్వుతూనే చెప్పింది.

ఒక వేసవిలో బడి మెట్లు కడుగుతూ పడిపోయింది. నేను భూపాలపల్లి నుంచి బస్సులో ఉండగానే దవాఖానలో ప్రాణం పోయింది. ముందు ఆమె గదికి తీసుకుపోయి స్నానం చేయించి, కొత్త చీర కట్టి, పట్నంలోని ఆమె సంఘం వాళ్లు ప్రార్థన చేశాక ఊరికి బయలుదేరాలని అనుకున్నాం.

మా దిక్కున ఒక అలవాటుంది. దవాఖానలో పోయినవాళ్లను బండి ఎక్కించేటప్పుడు పేరు పెట్టి పిలిచి, ఎక్కడికి తీసుకుపోతున్నారో చెవిలో చెబుతారు. చెప్పకపోతే వాళ్లు అక్కడే నిలిచిపోతారట. మా బాపు ఈ పద్ధతిని ఒప్పుకునేవాడు కాదు. నేనూ ఒప్పుకోను. కానీ స్ట్రెచర్ కదులుతుంటే నా నోరు ఆగలేదు. వంగి, "అక్కా, ఇంటికి పోదాం పా" అన్నాను.

మేం వెళ్లేసరికి గేటుకు లోపలినుంచి తాళం వేసి ఉంది. సోమయ్య అవతల నిలబడి ఉన్నాడు.

"చెల్లె, ఏమనుకోకు. శవం లోపటికి రావొద్దు. గడియ మంచిది కాదట. ఇల్లు పాడువెట్టవలసొస్తది."

చెడు ఘడియలో చావు జరిగితే ఇంటిని నెలల తరబడి ఖాళీగా వదిలేయడాన్ని పాడుపెట్టడం అంటారు. "పాణం పోయింది దవాఖానల అన్నా, నీ ఇంట్ల కాదు" అన్నాను.

"మరి దవాఖాన నుంచి అటే కొంచవోవాలె గని ఈడికెందుకు తెచ్చినవ్?"

"తొమ్మిదేండ్లు ఉన్నది గదనే ఈడ."

"ఉన్నది. కిరాయికుండె" అన్నాడు.

కిటికీ తెర వెనుక భారతమ్మ కనిపించింది. బయటికి రాలేదు.

అక్కను రోడ్డు మీదే దించాం. ఎండ మండుతోంది. సంఘం ఆడవాళ్లు నలుగురు చున్నీలు అడ్డం పట్టుకుంటే, ఎదురింటి ఆమె బకెట్‌లో తెచ్చిచ్చిన నీళ్లతో ముఖం, చేతులు, కాళ్లు తుడిచాను. ఆ వీధిలో తెరుచుకున్నది ఆ ఒక్క తలుపే. ఆమె మాటను బట్టి ఏ ప్రాంతమో కూడా నాకు తెలియలేదు, మన దిక్కు మాత్రం కాదు. వెనక ఎవరో హారన్ కొట్టి, "జర పక్కకు పెట్టున్రి" అని అరిచారు. సంఘం వాళ్లు ఎత్తుకున్న పాట సగంలో ఆపి బండి ఎక్కాం.

బైబిల్లో శత్రువుల మీద దేవునికి మొరపెట్టే కీర్తనలు ఉన్నాయి. అవి నాకు కంఠతా వచ్చు. ఉప్పల్ నుంచి జనగామ దాటి మా ఊరు చేరేదాకా అవే చదువుతూ కూర్చున్నాను, సోమయ్య ముఖం తలుచుకుంటూ. పక్కనే ఉన్న అక్కతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఊరికి పోతున్నామని చెప్పలేదు.

నెలన్నర తర్వాత భారతమ్మ ఫోన్ చేసింది. అక్క గదిలోకి దిగిన కొత్తవాళ్లు తొమ్మిది రోజులకే ఖాళీ చేశారట. రోజూ సాయంత్రం ఐదింటికి పావుగంట ముందు గేటు గడియ లేస్తుంది. గేటు పక్కన నల్లా తిరుగుతుంది. ఎవరో కాళ్లు కడుక్కున్న చప్పుడు. తర్వాత మెట్ల మీద తడి అడుగులు. కెమెరా పెట్టించారట. నీళ్లు పడడం కనిపిస్తుంది కానీ తిప్పిన చేయి కనిపించదు. చిల్పూరు గుట్టకు పోయి వెంకటేశ్వరస్వామికి మొక్కుకుని వచ్చినా ఆగలేదట.

అది అక్క బడి నుంచి వచ్చే వేళ. బడి దుమ్ముతో మెట్లెక్కకూడదని గేటు దగ్గరే కాళ్లు కడుక్కునేది.

"చచ్చిపోయినోళ్లు తిరగరమ్మా, మా వాక్యంల గట్ల లేదు" అన్నాను. నిజమే చెప్పాను. కానీ వాక్యాన్ని ఆ రోజు రాయిలా విసిరాను.

ఈ సంగతి మా చిన్నమ్మకు చెబితే ఆమె నవ్వలేదు.

"బండెక్కిచ్చేటప్పుడు ఏమన్నవే?"

"ఇంటికి పోదాం పా అన్న."

"ఊరికి అనలే?"

"అనలే."

"అయితె ఇంటికే పోయింది. పట్నంల ఉండెటోళ్లకు ఊరు వేరు, ఇల్లు వేరు గద బిడ్డా."

అక్క మా దగ్గరికి బయలుదేరితే "ఊరికొస్తున్న" అనేది. మా దగ్గరినుంచి తిరిగి పోయేటప్పుడు "ఇంటికి పోతున్న" అనేది. పద్నాలుగేళ్లు అలాగే అంది. పల్లెలో మేం మట్టి కప్పి వచ్చిన చోటు ఆమెకు ఊరు మాత్రమే.

"పోయి ఊరికి పోదామని పిలువు. అస్తది" అంది చిన్నమ్మ.

సిగ్గు విడిచి రాస్తున్నాను. ఆ మాట విన్నాక నాకు సంతోషం కలిగింది. శవాన్ని గేటు బయట నిలబెట్టినవాడు రోజూ సాయంత్రం ఆ గేటు తెరుచుకునే చప్పుడు వింటున్నాడు. దాన్ని ఆపే మాట నా దగ్గర ఉంది.

తర్వాత సోమయ్యే ఫోన్ చేశాడు. "చెల్లె, ఒక్కపారి వచ్చిపో. కేసముద్రపోణ్ణి, మన దిక్కోణ్ణి."

"ఆ దినం మా అక్కది ఏ దిక్కు అన్నా?" అని పెట్టేశాను.

వానాకాలంలో వెళ్లాను. జాలితో కాదు. వాళ్ల భయం కళ్లారా చూడాలని వెళ్లాను. సోమయ్య చిక్కిపోయాడు. భారతమ్మ నన్ను చేయి పట్టుకుని హాల్లోకి తీసుకుపోయి సోఫాలో కూర్చోమంది. నేను కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడ్డాను. ఇంకా వెలుతురు బాగా ఉంది. వీధిలో పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు.

ఐదు కావస్తుండగా గేటు గడియ లేచింది. నేను దాన్నే చూస్తున్నాను. గాలి లేదు. నల్లా తిరిగి నీళ్లు పడ్డాయి, ఆగాయి. తర్వాత పొడి వరండా బండల మీద తడి గుర్తులు ఒక్కొక్కటే పడుతూ వచ్చాయి. కుడిది నిండు పాదం. ఎడమది వేళ్లు, వేళ్ల కింది భాగం మాత్రమే. మడమ లేదు.

ప్రభువు నామం పలికాను. గుర్తులు ఆగలేదు.

"ఇన్ని దినాలు మెట్లెక్కేది. మొన్నటి సంది లోపటికే వస్తున్నది" అంది భారతమ్మ ఏడుస్తూ. అడుగులు నా పక్కనుంచే గడప దాటి హాల్లోకి పోయాయి. ఆ దాటేటప్పుడు నా చీర కుచ్చిళ్లు తడిశాయి. ఇంటికి వచ్చేదాకా ఆ తడి ఆరలేదు.

సోమయ్య రెండు చేతులూ జోడించాడు. "తప్పయింది చెల్లె. నీ కాళ్లు మొక్కుత. పిలిచి తీస్కపో."

అనవలసింది రెండు మాటలు. ఊరికి పోదాం. నాలుక మీదికి వచ్చాయి కూడా. అప్పుడు ఆ రోడ్డు, బకెట్, సగంలో ఆగిన పాట గుర్తొచ్చాయి. కిరాయికుండె అన్న మాట గుర్తొచ్చింది. అడుగులు సోఫా ముందు ఆగి ఉన్నాయి.

"కూసో అక్కా, నిమ్మలంగ కూసో" అన్నాను.

మేం ముగ్గురం చూస్తుండగా సోఫా మెత్త కిందికి నొక్కుకుపోయింది. అలాగే ఉండిపోయింది. ఎంతసేపో నేను చూడలేదు. సంచి తీసుకుని బయటికి వచ్చేశాను.

పదిహేను రోజులకు వాళ్లు ఆ ఇల్లు పాడుపెట్టారు. మూడంతస్తులకూ తాళాలు వేసి కేసముద్రం వెళ్లి తమ్ముడి ఇంట్లో ఒక గదిలో ఉంటున్నారు. ఆ ఇంట్లోకి కిరాయికి ఎవరూ రావడం లేదు.

మా పాస్టర్‌గారికి అంతా చెప్పాను. ఆయన ఆ అడుగుల గురించి ఏమీ తేల్చలేదు. నా గురించి మాత్రం తేల్చాడు. "ఆమెకు విశ్రాంతి అక్కర్లేదా అమ్మా? నీ పగ కోసం ఆమెను అక్కడ కూసోవెడతవా?" అన్నాడు. అక్కకు ఆ పట్నం ఇష్టం, ఆమె ఇష్టపడే ఉంది అని ఒక్కోసారి అనుకుంటాను. నేనే కట్టేసి పెట్టానేమోనని ఒక్కోసారి భయపడతాను. భూపాలపల్లి నుంచి ఉప్పల్‌కు బస్సులున్నాయి. ఎక్కలేదు.

చనిపోయినవాళ్లు నిద్రపోతారని కూడికలో ఇప్పటికీ చెబుతున్నాను. నమ్మే చెబుతున్నాను. మరి ఆ మడమ లేని అడుగు ఎవరిదో నాకు తెలియదు.

భారతమ్మ కేసముద్రం నుంచి ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. ఇంటి గురించి అడగడం మానేసింది. "మాకోసం జర ప్రార్థన చెయ్యి చెల్లె" అంటుంది. చేస్తానని చెబుతాను. ఇంతవరకు చేయలేదు.