వాసనకు ఒక దీర్ఘం

మా బావ తిన్న ఖర్రా పొట్లాలను వరసగా పేరిస్తే చంద్రపూర్ నుంచి విరూర్ స్టేషన్ దాకా పట్టాల పక్కన ఇంకో లైను పడేది. పోకచెక్కలు, పొగాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో నలిపిచ్చే ఆ సరుకును పద్మాపూర్ బొగ్గుగనికి డ్యూటీకి పోయేటప్పుడు ఒక బుగ్గలో, వచ్చేటప్పుడు ఇంకో బుగ్గలో పెట్టుకునేవాడు. రిటైరైన ఏడాదికి ఎడమ బుగ్గకు చిల్లు పడింది. ఇందులో నేను పెంచి చెప్పింది రైలు పట్టాల సంగతి ఒక్కటే.

కోయడానికి ఇంకేమీ మిగల్లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. నాలుక తిరగడం మానేసింది. ఏం చెప్పాలన్నా పలక మీద రాసేవాడు. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందిలాగే ఆయనదీ మరాఠీ బడి. మాట తెలుగు, రాసే అక్షరం మరాఠీ.

ఆ పుండు వాసన వీధి మలుపులో పడుకున్న కుక్కకు కూడా మా అక్కవాళ్ళ ఇంటి అడ్రసు చెప్పేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు వరండా దాటేవాళ్ళు కారు. చర్చివాళ్ళయితే అక్కడే నిలబడి ప్రార్థన చేసేవాళ్ళు, కళ్ళతో పాటు ముక్కులూ మూసుకుని. బావకు ప్రార్థన కంటే పేకాట ముఖ్యం. రోజూ మధ్యాహ్నం మంచం పక్కన స్టూలు వేయించుకుని, దాని మీద పేకముక్కలు సర్దిపెట్టి, పలక ఎత్తేవాడు.

"ఎవరన్న వచ్చిండ్రా?"

వచ్చిండ్రు, వరండాలో ఉన్నరు అని అక్క ఎన్నిసార్లని చెబుతుంది?

ఫోనులో ఏదో వీడియో చూసి రీడ్ డిఫ్యూజర్ల పని మొదలుపెట్టింది. సీసాలో అత్తరు కలిపిన నూనె పోసి పుల్లలు గుచ్చితే, పుల్లలు నూనె పీల్చి గదంతా పరిమళం వదులుతాయట. మొదట అగరుబత్తి పుల్లలు గుచ్చింది. ఆ వెదురు పుల్లలు చుక్క నూనె కూడా పీల్చలేదు. తర్వాత బెత్తం పుల్లలు తెప్పించింది. సీసాలు కొనే పని లేదు, బావ తాగేసిన ఆస్పత్రి మందు సీసాలు ఇంట్లో ఒక దుకాణమంత ఉన్నాయి. మల్లె అత్తరుతో మొదటి సీసా మంచం దగ్గర పెట్టాక చర్చి ఆడవాళ్ళు గుమ్మం దాకా వచ్చి, మాకూ ఒకటి చేసివ్వమన్నారు. అట్లా అమ్మకం మొదలైంది.

సీసాల మీద అంటించే చీటీలు రాసే ఉద్యోగం బావది. 'మల్లె వాసన' అని రాయాలి. మరాఠీలో మాట చివరి అకారం పలకరు కదా, 'వాసన్' అని చదివేస్తారేమోనని, ఆయన జాగ్రత్తగా ఒక దీర్ఘం తగిలించాడు. వాసనా. మరాఠీలో ఆ మాటకు అర్థం కామం. నాకు ముందే తెలుసు. ఉన్న సీసాలన్నిటికీ చీటీలు అంటించేదాకా నోరు మూసుకున్నాను.

పక్కింటి మరాఠీ పిన్ని, మేం కాకూ అంటాం, ఒక సీసా కొని వరండాలోనే చదివింది.

"అగ బాయీ!" అని కేకేసి, నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. ఎవరు రాశారని అడుగుతూ తిన్నగా గదిలోకే వచ్చేసింది. బావ దొంగలా బలపం ఉన్న చెయ్యి ఎత్తాడు. ఆమె స్టూలు మీద కూలబడి నవ్వింది. కూర్చుంది కాబట్టి ఒక ఆట ఆడింది. మర్నాడు ఇంకో ఇద్దరిని వెంటేసుకొచ్చింది. బావ నవ్వితే బుగ్గ చిల్లులోంచి నీళ్ళు కారేవి. అయినా నవ్వాడు.

అక్క మాత్రం తల పట్టుకుంది. "ఆ దీర్ఘం తీసెయ్యి తమ్మీ. పాస్టరమ్మ చదివితే ఇజ్జత్ పోతది."

బావ పలక చూపించాడు. "ఉండని. దానికే వస్తుండ్రు."

నెల తిరిగేసరికి గదిలో నాలుగు సీసాలయ్యాయి. పుండు పెరిగే కొద్దీ అక్క పుల్లలు పెంచింది. ఒకరోజు కాకూ వెళ్ళిపోయాక బావ రాశాడు. "సీసాలు మండుతున్నయి."

"మండుడేంది? ఏడ?" అంది అక్క.

పుండు వైపు, గొంతు వైపు వేలు చూపించాడు.

"ఎప్పటిసంది?"

"మొదటిసంది."

"మరి చెప్పకపోతివేందయ్యా!"

పలక తుడిచి, చాలాసేపు పట్టి రాశాడు. "తీసేస్తే ఎవరొస్తరు?"

అక్క నాలుగు సీసాలూ, అమ్మాల్సినవీ మొత్తం తీసుకెళ్ళి పెరటి గోడ అవతల పెట్టింది. మళ్ళీ చెయ్యలేదు.

మర్నాడు కాకూ గుమ్మంలో నిలబడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వెళ్ళింది. ఆ పాలు ఇంకా పొంగుతూనే ఉన్నాయేమో, మళ్ళీ రాలేదు. ఆమెను తిట్టే అర్హత నాకు లేదు. నేను రోజూ వెళ్ళేవాణ్ని నిజమే, కానీ ఎక్కడ కూర్చునేవాణ్ని? కిటికీ దగ్గర, పెద్ద సీసా పక్కన. నా జోకులన్నీ అక్కడి నుంచే విసిరేవాణ్ని. ఇప్పుడు కిటికీలో సీసా లేదు, స్టూలు ఖాళీగా ఉంది, పేకముక్కలు సర్ది ఉన్నాయి.

వెళ్ళి కూర్చున్నాను. ఉన్నదాన్ని పదింతలు చేసి చెప్పడం నా వృత్తి. ఆ వాసనను ఉన్నదున్నట్టు చెప్పడానికి కూడా నాకు మాట దొరకలేదు.

బావ నా ముఖం చూస్తూ రాశాడు. "వాసనా?" అదే దీర్ఘం.

"కొంచెం, బావా," అన్నాను.

పలక తుడిచాడు. "అబద్ధం, బామ్మర్దీ. ముక్క ఎత్తు."

ఆ తర్వాత తొమ్మిది మధ్యాహ్నాలు ఆడాం. పదో రోజు నేనే ముక్కలు పంచాను. ఆయన తీసుకోలేదు.