భోంచేశావా, తోతో?

ఇసిద్రో మగ్బనువాకు ఉన్నది ఒకటే జబ్బు. ఎదురుపడ్డ ప్రతి కుర్రాణ్ణీ "భోంచేశావా, తోతో?" అని అడగాల్సిందే. తోతో అంటే వాళ్ల భాషలో బాబూ అని.

ఇలోయిలో నగరంలో కాలేజీకి బాస్కెట్‌బాల్ ఆడినప్పుడూ అడిగాడు. పెద్ద లీగులో జీతానికి ఆడే ఆటగాడయ్యాకా అడిగాడు. అదీ ఎక్కడ? బంతి నేలకేసి కొడుతూ, తనను ఆపడానికొచ్చినవాణ్ణి! పెద్దవాడు అడిగితే పలక్కుండా ఉండే పెంపకం ఆ ఊళ్లో ఎవరికీ లేదు. "తిన్నాను, మానోంగ్..." అని అన్నయ్యకి చెప్పినట్టు వాడు నోరు తెరిచేసరికి బంతి బుట్టలో ఉండేది. తిరిగొస్తూ "ఏం కూర?" అనేవాడు ఇసిద్రో.

ఒకసారి రిఫరీనీ అడిగాడు. పాపం, జవాబివ్వబోతే ఆయన నోట్లోని విజిల్ జారిపోయింది. అది దొరికేలోపు ఆరు పాయింట్లు!

అందుకే ఫైనల్ రోజున ఎదుటి జట్టు కోచ్ బాల్దెమోర్ తన కొత్త కుర్రాడు వెల్మర్ చెవుల్లో దూది కుక్కాడు. "వాణ్ణి ఆపావా, జట్టులో ఉంటావు. లేదా, మూట సర్దుకో."

వెల్మర్ ఆటంతా నీడలా అంటుకున్నాడు. చివరి క్షణాలు. ఇసిద్రో జట్టు ఒక్క పాయింటు వెనక. అతని పెదాలు కదిలాయి. వెల్మర్ చలించలేదు, కాళ్లు మాత్రం వణుకుతున్నాయి. అది చూసి ఇసిద్రో ఒక చేత్తో బంతి కొడుతూనే, రెండో చేతి వేళ్లు నోటి దగ్గర పెట్టి సైగ చేశాడు.

లేదన్నట్టు వెల్మర్ తలూపాడు. ఇసిద్రో మొహం వాడిపోయింది. చెయ్యి మాత్రం పని మానలేదు. బంతి బుట్టలో పడింది, ఊరు ఊరంతా లేచి గంతులేసింది.

"సైగకి కూడా పడిపోతావుట్రా!" ఆటయ్యాక జట్టు గదిలో కోచ్ అరుస్తుంటే, వెల్మర్ చెవుల్లో దూది పీకి కిందపడేసి, కళ్లు తుడుచుకుంటూ సంచి సర్దుకున్నాడు.

తలుపు తోసుకుని, మెడలో పతకం, చేతుల్లో పొగలు కక్కే బాచోయ్ సేమ్యా గిన్నెతో ఇసిద్రో వచ్చాడు. "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదా, తోతో?"

"భయమేసి తినలేదు, మానోంగ్. మీరడిగేది ఎత్తు కాదా?"

"ఎత్తేమిటి? లేదన్నవాడికి ఆటయ్యాక పెట్టాలిగా! తినకుండానే నన్నింత ఏడిపించావు. నిన్ను వీళ్లొద్దంటే మా జట్టుకి వచ్చెయ్."

కోచ్ గబుక్కున వెల్మర్ సంచి లాక్కుని దానిమీద కూర్చున్నాడు. "వీడెక్కడికీ రాడు!"

"సరే. మీరు భోంచేశారా, కోచ్?"

కోచ్ కిందపడ్డ దూది తీసి తన చెవుల్లో కుక్కుకున్నాడు. కాని ముక్కుకి మిగల్లేదు. సంచిమీంచి లేవకుండానే, గిన్నెకేసి చెయ్యి చాచాడు.