సుభద్ర నంబరుకి వెళ్ళిన ఓటీపీ

దయ్యాల కథలు చెప్పడం నాకు సరదా. నమ్మడం మాత్రం ఏనాడూ లేదు. సీతాఫల్‌మండిలో మా మేడ మీద నీళ్ళ ట్యాంకు దగ్గర తెల్లచీర కనిపించిందని వాడవాళ్ళందరినీ జడిపించింది నేనే.

అందుకే ఇది చెబితే ఎవరూ నమ్మరు. పైగా పార్కులో చెప్పినప్పుడు కొంచెం కలిపాను. పోయిన మా ఆవిడ సుభద్ర పాత ఫోను బీరువాలో దానంతటదే మోగిందనీ, తలుపు తెరుచుకుందనీ, గదంతా మల్లెపూల వాసన అనీ.

వాకింగ్ స్నేహితుడు యాదగిరి ఊరుకోలేదు. “ఏందన్నా, నిన్న చెప్పినప్పుడు మల్లెపూలు లేకుండె గదా. ఇయ్యాల యాడికెళ్లి వచ్చినయ్?”

దొరికిపోయాను. సుభద్రకి మల్లెపూలంటే తలనొప్పి. బీరువా కూడా తెరుచుకోలేదు. జరిగింది ఇంతే.

విజయనగరంలో మా అక్క జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎల్లుండి పొద్దున ఆపరేషన్ అన్నారు. “ఒక్కసారి మొహం చూపించి పోరా” అని ఫోన్లో ఏడ్చింది. ఆ వయసులో ఎటు పోయి ఎటు వస్తుందో. రేపటి రైలు ఎక్కి తీరాలి. విమానం నా తాహతు కాదు. రాత్రంతా బస్సంటే నేను ఒప్పుకున్నా నా మూత్రాశయం ఒప్పుకోదు. మిగిలింది తత్కాల్‌లో స్లీపర్.

ఒకప్పుడు టికెట్టంటే తెల్లారకముందే స్టేషన్ దగ్గర లైన్లో కూచోవడం. ఆ బాధ తప్పించింది సుభద్రే. ఫోన్లో టికెట్ తీయడం మా ఇంట్లో ముందు తనే నేర్చుకుంది. అకౌంటు తన నంబరు మీదే ఉంది. తను పోయాక, ఆ సిమ్ము ఆగిపోయాక కూడా, అదే అకౌంటు నా ఫోన్లో వాడుకుంటున్నాను. నంబరు మార్చబుద్ధి కాలేదు.

ఆ పొద్దున తత్కాల్ తెరవగానే వివరాలన్నీ గబగబా కొట్టాను. ఇంతకుముందు ఎప్పుడూ లేనిది, మీ నంబరుకి ఓటీపీ పంపాం, కొట్టండి అంది యాప్. పంపింది సుభద్ర నంబరుకి! తెర మీద సెకన్లు తగ్గిపోతున్నాయి. అక్క ఏడుపు చెవిలోనే ఉంది.

ఫోన్ మోగింది. తెర మీద పేరు ‘సుభద్ర’.

ఎత్తాను. ఆడగొంతు. అంకెలు ఒక్కొక్కటే చెప్పింది. చెప్పినవి చెప్పినట్టే కొట్టాను. “తొందరపడకండి” అని పెట్టేసింది. ‘ఏమండీ’ అని పిలిచిందని పార్కులో చెప్పాను. పిలవలేదు.

టికెట్ వచ్చింది. కింద బెర్తు.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని రోజూ మొత్తుకుంటారు. ఎవరైనా మనకే చెబితే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళేదాకా అక్క నా చెయ్యి వదల్లేదు. ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తోంది, రోజూ ఫోన్ చేసి తిడుతోంది కూడా.

తిరిగొచ్చాక ధైర్యం చేసి ఆ నంబరుకి ఫోన్ చేశాను. ఇక్కడే కార్ఖానా ఏరియాలో ఉండే ఓ అమ్మాయి ఎత్తింది. ఆగిపోయిన నంబర్లు కొత్తవాళ్ళకి ఇస్తారట. అమ్మయ్య, లెక్క తేలిందనుకుని థాంక్స్ చెప్పాను.

“ఓటీపీ అయితే వచ్చింది అంకుల్. నేను ఎవ్వరికీ ఫోన్ చెయ్యలే. మీ నంబర్ నాకెట్ల తెలుస్తది?”

నిజమే. ఆ మెసేజ్‌లో నా నంబరు ఉండదు. నా ఫోన్లో ఆ కాల్ ఉంది, ఆమె ఫోన్లో లేదట. అబద్ధం చెప్పాల్సిన పని ఆ పిల్లకేముంది? మా ఇద్దరిలో అబద్ధాలాడేది నేను.

ఆ గొంతు ఈ అమ్మాయిదా అంటే చెప్పలేను. సుభద్రదా అంటే అదీ చెప్పలేను. ఈ ఒక్క ముక్క కలపకుండా చెబుతున్నాను.

“జెర అకౌంట్ల నంబర్ మార్చుకోండి అంకుల్, అన్నీ నాకే వస్తున్నయ్” అంది. సరేనమ్మా అన్నాను. నిమిషంలో అయ్యే పనే.

ఇంకా మార్చలేదు.