బాగైన బండి

తెలంగాణ కోసం సమ్మె జరిగి బస్సులన్నీ ఆగిపోయిన రోజుల్లో, కడుపు ఆపరేషన్ అయిన, నన్ను కన్న మా అవ్వను మహబూబాబాద్ దవాఖాన నుంచి కొత్తగూడకు నేను నడిపే జీపులోనే తీసుకొచ్చాను. ఊరు దాటగానే మీటరు పక్కన పసుపు లైటు వెలిగింది. ఎంత తొక్కినా బండి ఎడ్లబండిలాగే నడిచింది. ఈ కొత్త డీజిల్ ఇంజన్లలో ఒక కంప్యూటర్ డబ్బా ఉంటుంది. ఒక్క వైరు నుంచి కబురు రాకపోతే చాలు, అది ఇంజన్‌ను నమ్మదు, పరుగెత్తనివ్వదు. మధ్యలో బడి మానేసిన నన్ను మా సారు కూడా ఇంతగా అనుమానించలేదు.

"బిడ్డా, ఇయ్యాల మస్తు పైలంగ తోలుతున్నవ్. కుట్లు జర గూడ గుంజుతలేవు," అంది వెనక పడుకున్న అవ్వ.

"నీ కొడుకంటే ఏమనుకున్నవే అవ్వా!" అన్నాను.

దారిలో ఉద్యమం టెంటు దగ్గర ఆపి బానెట్ ఎత్తితే, ఎలుక కొరికిన వైరు కనిపించింది. టెంటులో మైకు చూసుకునే తమ్ముడొకడు టేపు ఇచ్చాడు. తెగిన కొసలు కలిపి చుట్టి స్టార్ట్ చేస్తే లైటు ఆరిపోయింది, ఇంజన్ హుషారుగా అందుకుంది.

"ఇగ ఉరికియ్యి అన్నా!" అన్నాడు తమ్ముడు.

వెనక్కి చూశాను. ఆపరేషన్ అయినప్పటి నుంచి నొప్పితో కునుకు తీయని అవ్వ నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

బాగైన బండిని కొత్తగూడ దాకా జబ్బు చేసినట్టే నడిపాను.